రెండు చుక్కలు

"మీ కోడలికి చెప్పండి, నాకు కాఫీ వద్దని."

జయలక్ష్మి ఆ మాట అన్నది పక్కనే నిలబడ్డ కోడలితో కాదు, ఎదురుగా పేపరు వెనక దాక్కున్న భర్తతో. శ్రీలత చేతిలో గ్లాసు ఇంకా పొగలు కక్కుతోంది.

నరసింహమూర్తి గారు పేపరు దించలేదు. "అమ్మాయ్, మీ అత్తగారికి కాఫీ వద్దట."

"ఇనవడ్డది మామయ్యా."

"వినపడిందట" అన్నారు ఆయన భార్య వైపు తిరిగి.

పోయిన ఆదివారం నుంచీ చందానగర్‌లోని ఆ ఇంట్లో ఇదే తంతు. మూర్తిగారు నీటిపారుదల శాఖలో ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఫైళ్ళు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పంపిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో మాటలు పంపుతున్నారు. ఆయనకి పెద్ద తేడా తెలిసినట్టు లేదు.

శ్రీలత చేసిన నేరం ఒక్కటే. అన్నాల దగ్గర ఒక ప్రశ్న అడిగింది. "అత్తమ్మా, మన ఇంట్ల ఆయనకు తప్ప ఇంకెవరికన్న కంటికి గిట్ల అయిందా?" అని. జయలక్ష్మి చేతిలో ముద్ద కంచంలో వదిలేసి లేచి చెయ్యి కడుక్కుంది. అంతే, ఆ తర్వాత కోడలి మొహం చూడలేదు.

అవినాష్ ఎడమ కన్ను గాజుది. చిన్నప్పుడు గూటీబిళ్ళ తగిలి పోయిందని అతనికి చెప్పి పెంచారు. అతను అదే మాట ప్రేమించిన పిల్లకి చెప్పి పెళ్ళి చేసుకున్నాడు. ఈమధ్య కొత్త గాజు కన్ను కోసం వెళ్తే, డాక్టరు అతని కణత దగ్గర పల్లంగా ఉన్న ఎముకని నొక్కి చూసి, ఇది దెబ్బ కాదు నాయనా అన్నాడు. పసితనంలో కంటిలోపలి పొరలో గడ్డ పుడితే కన్ను తీసేసి, రేడియేషన్ కరెంటు పెట్టిన గుర్తు ఇది. ఆ గడ్డ కొందరి ఇళ్ళలో తండ్రి నుంచి బిడ్డకి దిగుతుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందేమో కనుక్కోండి అని కూడా అన్నాడు.

శ్రీలతకి ఐదో నెల.

మూర్తిగారు ఒప్పుకున్నారు. అవును, గడ్డే. మద్రాసు తీసుకెళ్ళి తీయించాం. నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని దాచాం. "ఇంకెవరికీ లేదు" అని కూడా అన్నారు. అడిగిన ప్రశ్న పూర్తి కాకముందే అన్నారు.

"ఈ రోజేగా చూసేది?" అవినాష్ గదిలోంచి టై కట్టుకుంటూ వచ్చాడు.

"ఈ రోజే."

శ్రీలత పనిచేసేది మాదాపూర్‌లోని ఒక ప్రయోగశాలలో. కంటిపొర పుట్టి పెరిగేటప్పుడు దాని కణాల్లో ఒక్కో క్రోమోజోముకి ఎన్నేసి నకళ్ళున్నాయో సూక్ష్మదర్శినిలో ఫొటోలు తియ్యడం ఆమె ఉద్యోగం. కోడిపిల్లల కళ్ళ మీద చేసే పనిని మొగుడి రక్తం మీద చేస్తానని మూర్తిగారికి చెప్పినప్పుడు ఆయన వెంటనే రాజీ కాగితం మాట్లాడినట్టు మాట్లాడారు. అంతా సరిగ్గా ఉందని తేలితే, ఇంక ఈ ఇంట్లో ఆ కంటి మాట ఎవరూ ఎత్తకూడదు. పుట్టబోయే బిడ్డని ఆ ఆస్పత్రి చుట్టూ తిప్పకూడదు. మీ అత్తగారిని ఆ ప్రశ్న అడగకూడదు. సరేనా?

అవినాష్ సరేనన్నాడు. శ్రీలత ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడాన్ని సరే అని రాసుకున్నారు మూర్తిగారు.

ఇంతలో గుమ్మంలోకి పక్కింటి పిల్లి వచ్చింది. జయలక్ష్మి చేతికందిన చీపురు విసిరింది. అది తోక ఎత్తి గోడ దూకింది. జయలక్ష్మికి పిల్లి అంటే పడదు. ఎందుకు పడదో ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళకి పడనివాటికి కారణాలు అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు.

"ఏమండీ, ఆ పిల్లని టిఫిను తిని వెళ్ళమనండి. ఒట్టి కడుపుతో కాదు" అంది జయలక్ష్మి చీపురు తెచ్చుకుంటూ.

"తినే పోతున్న అత్తమ్మా" అంది శ్రీలత నేరుగా.

జయలక్ష్మి వినపడనట్టు లోపలికి వెళ్ళిపోయింది. కాఫీ గ్లాసు బల్ల మీద చల్లారి మీగడ కట్టింది.

* * *

మాదాపూర్‌లో అప్పుడు రోడ్ల కంటే బండలు ఎక్కువ. గుండ్రటి అద్దాల మేడ ఒకటి లేచాక దాని చుట్టూ ఇంకా మేడలు లేవాలని అందరికీ తొందర పుట్టింది. పునాది తియ్యాలంటే బండ పేల్చాలి. బండ పేలితే ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని అదురుతుంది. అది అదిరిందంటే ఫొటోలో చుక్కలు గీతలైపోతాయి.

అందుకే కాపలా ఉండే సాయిలు, బండ పేల్చేవాళ్ళ ఈల వినగానే వచ్చి చీకటి గది తలుపు తట్టేవాడు.

"అమ్మా, బండ పేలుస్తున్నరు. జర ఆపు."

"ఆపిన సాయిలూ."

ఆపడం అంటే సూక్ష్మదర్శిని దీపానికి మూత వెయ్యడం. గాజు పలక మీద పరిచిన కణాల్లో రంగు చుక్కలు దాని నీలి వెలుగు తగిలితేనే ఎర్రగా మెరుస్తాయి, చూస్తున్నకొద్దీ వెలిసిపోతాయి. అనవసరంగా వెలుగు పెడితే అవినాష్ రక్తం ఆమె కళ్ళముందే నల్లబడిపోతుంది. మూత వేసి చీకట్లో కూచుంది.

బిడ్డ కదిలింది. ఈమధ్యే మొదలుపెట్టింది కదలడం. శ్రీలత పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలి? సిద్దిపేటలో నాయన ఉన్నాడు, లారీ నడుపుతాడు. ఇంట్ల అడగకుండ పెండ్లి చేసుకున్నవు, ఇగ మాకు ఫోన్ చెయ్యకు అన్నాడు. అమ్మ ఆ మాట దాటదు. ఇక్కడ అత్తగారు మామగారి ద్వారా తప్ప మాట్లాడదు. అవినాష్ ఇంటికొచ్చి అన్నం తింటూనే నిద్రపోతాడు. బిడ్డ కదిలిందని చీకటికే చెప్పుకోవాలి. ఒంటరిగా అనిపించింది. కడుపులో ఒక ప్రాణం తిరుగుతుంటే ఒంటరిగా అనిపించడమేమిటని తనమీద తనకే కోపమూ వచ్చింది.

దూరంగా బండ ధన్‌మని పేలింది. అద్దాలు గలగలలాడాయి.

"అయిపోయిందమ్మా" అన్నాడు సాయిలు బయట నుంచి. "ఇగ నీ కోడిపిల్లల కండ్లు సూస్కో."

ఈ రోజు కోడిపిల్లలు కాదని అతనికి తెలియదు. మూత తీసింది.

మామూలు కణంలో ప్రతి క్రోమోజోముకీ రెండు నకళ్ళుంటాయి. తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఆ గడ్డ రాకుండా కాపు కాసే చోటు ఒక క్రోమోజోము మీద ఉంది. ఆ చోటికి మాత్రమే అతుక్కునే రంగు వేస్తే, ఒక్కో కణంలో రెండు ఎర్ర చుక్కలు వెలగాలి. ఒకటే వెలిగిందంటే ఆ ముక్క పోయిందని అర్థం.

మొదటి కణం. రెండు.

పక్కది. రెండు.

పలక జరిపింది. రెండు, రెండు, ఇక్కడ ఒకటిలా ఉంది. మర ఒక వెంట్రుకవాసి తిప్పితే దాని కిందనుంచి రెండోది బయటికొచ్చింది. ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి, అంతే. కళ్ళు నీళ్ళు కారేదాకా చూసింది. రెండో పలకా చూసింది. ఎక్కడ చూసినా రెండే.

ఆమె బయటికొచ్చేసరికి పక్క గదిలో రామబ్రహ్మం గారు టిఫిను డబ్బా మూత తీస్తున్నారు. ఆమెకి పని నేర్పింది ఆయనే. మొదట్లో శ్రీలత కోడిపిండం కన్ను పల్చటి పొరలుగా కోసి, సగానికి సగం కణాల్లో ఒకటే చుక్క ఉందని, పెరిగే కన్ను తన క్రోమోజోముల్ని పారేసుకుంటోందని ఊరంతా చెప్పినంత పని చేసింది. ఆయన చూసి, కత్తి కణాల మధ్య నుంచి వెళ్ళింది, రెండో చుక్క తెగిపోయిన సగంతో పోయింది అన్నారు. "నువ్వు చూసింది కన్ను కాదమ్మా, కత్తి." ఆ రోజు ఆమెకి తల కొట్టేసినట్టయింది. అందుకే మొగుడి రక్తాన్ని కొయ్యలేదు, కణాలు నిండుగా ఉండేట్టు పలక మీద పరిచింది.

"ఏమైంది?" అన్నారాయన.

"రెండు సార్. అన్నిట్ల రెండే."

"మంచిది. అయితే ఏం తెలిసింది?"

శ్రీలత కుర్చీలో కూలబడింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకి తెలుసు. రాకుండా ఉంటే బాగుండుననుకుంది.

"పెద్ద ముక్క పోలేదని తెలిసింది."

"చిన్న దెబ్బ లోపలెక్కడో ఉంటే?"

"చుక్క అట్లనే వెలుగుతది సార్. మనకు తెల్వదు."

"చాలామందిలో ఉండేది ఆ చిన్న దెబ్బే." ఆయన చెంచా పక్కన పెట్టారు. "నిన్ను బాధపెట్టాలని కాదు. ఒకే కంటికి వచ్చి, ఇంట్లో ఇంకెవరికీ లేకపోతే, బిడ్డకి వచ్చే భయం తక్కువ. తోడబుట్టినవాళ్ళకో ఇంకెవరికో ఉందంటే మాత్రం అది రక్తంలో ఉన్నట్టే. అప్పుడు పుట్టే బిడ్డకి సగానికి సగం. అది నీ పలక చెప్పదు. ఇంట్లోవాళ్ళు చెప్పాలి. అడిగావా?"

"అడిగిన సార్."

"ఏమన్నారు?"

"కాఫీ తాగుడు బంద్ చేసిన్రు."

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశారు. "ఏదేమైనా బిడ్డ పుట్టిన వారంలోనే కళ్ళు చూపించు. ఆ తర్వాత నెలనెలా. గడ్డ ఆవగింజంత ఉండగా దొరికితే కన్నూ ఉంటుంది, ప్రాణమూ ఉంటుంది. ఇది మాత్రం ఎవరు కాదన్నా వినకు."

ఎవరు కాదంటారో ఆయనకి తెలియదు. ఆమె తల ఊపింది.

* * *

అద్దాల మేడలో కంప్యూటరు ప్రోగ్రాములు దిద్దే అవినాష్ అప్పటికే కిందికి వచ్చి, ఎదురుగా టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు. అతని చేతిలో టీ గ్లాసు నిండుగానే ఉంది.

"ఎన్ని?"

"రెండు. అన్నిట్ల రెండే. కాని అవినాష్..."

అతను లేడు. గ్లాసు బండి మీద పెట్టేసి రోడ్డు దాటేశాడు. అవతల పసుపుపచ్చ అక్షరాల ఎస్టీడీ బూత్ ఉంది. శ్రీలత పరిగెత్తలేదు. పొట్ట పట్టుకుని, వచ్చే లారీకి దారిచ్చి, నెమ్మదిగా దాటేసరికి అతను అద్దపు తలుపు మూసుకుని నంబరు తిప్పేశాడు.

తలుపు బయట నిలబడి చూసింది. లోపల అతని పెదాలు కదులుతున్నాయి. రెండేనమ్మా. రెండూ ఉన్నాయట. ఏం లేదట.

ఏం లేదని ఆమె అనలేదు.

అతను బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "అమ్మ ఏడ్చింది లతా. పిచ్చిది, ఫోన్లోనే ఏడ్చేసింది. నిన్ను తొందరగా తీసుకురమ్మంది."

"నేనింక మాట పూర్తి చెయ్యలే."

"ఏం మాట?"

చెప్పింది. రామబ్రహ్మం గారు చెప్పిందంతా చెప్పింది. అతను వింటూ వింటూ రోడ్డు మీది గులకరాయిని బూటుతో అటూ ఇటూ దొర్లించాడు.

"రెండూ ఉన్నాయన్నావుగా" అన్నాడు చివరికి.

"ఉన్నయ్. నువ్వు దిద్దే ప్రోగ్రాములల్ల సంవత్సరానికి రెండంకెలు ఉన్నయా లేవా?"

"ఉన్నాయి."

"అన్నిట్ల ఉన్నయ్ కదా. మరి రెండు వేల సంవత్సరం వస్తే అవి ఆగమైతయని ఎందుకు పరేషాన్ అయితున్నరు మీరందరు?"

"అది వేరే."

"ఏం వేరే?"

"అది బాగుచేసుకోవచ్చు."

ఆ మాట అన్నాక అతనికే తెలిసింది ఏమన్నాడో. టీ బండివాడు ఎవరినో కేకేస్తున్నాడు.

"ఇది గూడ చేసుకోవచ్చు" అంది శ్రీలత. "ముందుగాల చూస్తే. చూడనిస్తే."

"చూపిద్దాం. వద్దన్నానా? పుట్టనీ ముందు."

"మీ నాయన ఏమన్నడో మరిచిపోయినవా? చుక్కలు మంచిగుంటే దవాఖాన మాట ఎత్తొద్దన్నడు. నువ్వు సరే అన్నవు. ఇప్పుడు ఫోన్ చేసి మంచిగున్నయని నువ్వే చెప్పినవు. ఇగ రేపు నేను ఏమని అడగాలె అత్తమ్మను?"

"ఏం అడగాలి? ఎవరికీ లేదని నాన్న చెప్పారుగా."

"మీ నాయన చెప్పిండు. అత్తమ్మ చెప్పలే."

అవినాష్ నుదురు రుద్దుకున్నాడు. "లతా, ఈ ఒక్క రోజు వదిలెయ్యి. నాకూ భయమేసింది. నిన్న రాత్రి అద్దంలో చూసుకుంటే నా మొహమే నాకు నచ్చలేదు. ఇంతకాలం దెబ్బ అనుకున్నాను, దెబ్బ అయితే ఎవడికైనా తగులుతుంది. ఇదేమో నాలోంచి నీ కడుపులోకి వచ్చిందంటున్నావు. ఒక్క సాయంత్రం నన్ను మామూలు మనిషిలా ఉండనివ్వు."

ఆమెకి అతని మీద జాలి కలిగింది. కోపం మాత్రం తగ్గలేదు.

సెవెన్ సీటర్ ఆటోలో ఇద్దరూ ఇరుకున కూచున్నారు. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆమె అతనికి ఎడమ పక్కనే కూచుంటుంది, ఎడమ పక్కనే నడుస్తుంది. అటువైపు నుంచి వచ్చేది అతనికి కనపడదు కాబట్టి. కొత్తగూడ దాటేసరికి ఆమెకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అతను కుడివైపు కిటికీలోంచి వాన మబ్బుల్ని చూస్తూ, ఇంటికెళ్ళేసరికి మ్యాచ్ ఎక్కడుంటుందో అంటూ కూచున్నాడు. తల పూర్తిగా తిప్పితే తప్ప అతనికి ఆమె కనపడదు. అతను తిప్పలేదు.

చందానగర్ రాకముందే ఆమె పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

* * *

గుమ్మంలోకి అడుగు పెట్టగానే నేతి వాసన.

"శ్రీలతా, వచ్చావా అమ్మా? కాళ్ళు కడుక్కుని రా."

అత్తగారు తన పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళైందో ఆమెకి గుర్తు రాలేదు. మూర్తిగారు టీవీ ముందు కూచుని చెయ్యెత్తారు. "కేసు కొట్టేశారమ్మా. ఇంక ఫైలు మూసెయ్యడమే."

జయలక్ష్మి రవ్వకేసరి చేసింది. జీడిపప్పు ఏరి ఏరి వేసింది. కంచంలో పెట్టి ఇవ్వలేదు, తనే ముద్ద చేసి కోడలి నోటి దగ్గర పెట్టింది.

"ఏడో నెలలో సూడిదలు పెడతాను. గాజులకి లాడ్‌బజారు నేనే వెళ్తాను. మీ అమ్మగారికి నేను మాట్లాడతాను, రాకపోతే ఊరుకోను. ఆడపిల్ల కన్నతల్లి లేకుండా ఎలా? ఏం, తిను."

శ్రీలత తింది. తియ్యగా ఉంది. ఇంకో ముద్ద పెట్టింది జయలక్ష్మి, అదీ తింది. అత్తగారి వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఇట్లనే ఉండిపోతే ఏం పోయింది అనిపించింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఈ ఇంట్లో అమ్మ ఒకరు దొరికిందనుకుని కేసరి తింటూ ఉండిపోవచ్చు. రామబ్రహ్మం గారు భయం తక్కువనే అన్నారు కదా, ఇంకెవరికీ లేకపోతే.

లేకపోతే.

టీవీలో ఎవరో ఫోరు కొట్టారు. తండ్రీకొడుకులు చప్పట్లు కొట్టారు. జయలక్ష్మి ఖాళీ గిన్నె పట్టుకుని వంటింట్లోకి నడిచింది. శ్రీలత వెనకే వెళ్ళి తలుపు దగ్గరకి వేసింది.

"అత్తమ్మా, ఒక మాట చెప్పాలె. తిట్టినా సరే, మళ్ళ మాట్లాడకున్నా సరే."

జయలక్ష్మి వెనక్కి తిరగలేదు. "చుక్కలు రెండే ఉన్నాయన్నాడు వాడు."

"రెండే ఉన్నయ్. కాని దాంతోని మొత్తం తెల్వది. లోపల చిన్నగ ఏమన్న పాడైతే నా మిషిన్ల కనవడది. ఆయన నా మాట మొత్తం ఇనకముందే మీకు ఫోన్ చేసిండు. బిడ్డ పుట్టంగనే కండ్లు చూపియ్యాలె. నెలనెల చూపియ్యాలె. నేను చూపిస్త. మీరు వద్దన్నా చూపిస్త."

కొట్లాట వస్తుందని ఆమె గట్టిగా నిలబడింది. జయలక్ష్మి గిన్నె సింకులో పెట్టింది. కుళాయి తిప్పింది, మళ్ళీ కట్టేసింది.

"ముందే చూస్తే నయమవుతుందా?"

"అయితదత్తమ్మా. ఇప్పుడు మందులున్నయ్, మిషిన్లున్నయ్. చిన్నగున్నప్పుడే దొరకాలె."

"కన్ను మెరిసేదాకా ఆగకూడదన్నమాట."

"ఆగొద్దు. మెరిసేటాల్లకు లోపల నిండిపోతది."

"దీపం ముందు పెడితే తెల్లగా మెరుస్తుంది. పిల్లి కన్నులాగా" అంది జయలక్ష్మి. గోడకి చెబుతున్నట్టుంది ఆ గొంతు. "ఎత్తుకుని తులసికోట దగ్గరికి తీసుకెళ్తే, ప్రమిద వెలుగులో మెరిసేది. ఎంత బాగున్నాయో పిల్లదాని కళ్ళు అనేవారు మా వీధిలో. నేనూ మురిసిపోయేదాన్ని. దిష్టి తీసేదాన్ని."

పిల్లదాని అన్న మాట దగ్గరే ఆగిపోయింది శ్రీలత.

"ఆయనకు మెరిసిందా అత్తమ్మా?"

"వాడికి మెరవలేదు. వాడికి మెల్ల వచ్చింది. కన్ను కొంచెం పక్కకి తిరిగింది, అంతే. ఎవరూ కనిపెట్టలేదు, నేను కనిపెట్టాను. పుట్టిన రోజు నుంచీ పొద్దున్నా సాయంత్రం వాడి కళ్ళలోకి దీపం పెట్టి చూశాను కాబట్టి కనిపెట్టాను. వాడి నవ్వు చూడలేదు నేను. పాలు తాగేటప్పుడు పిల్లలు తల్లి మొహంలోకి చూస్తారు చూడు, అప్పుడు కూడా వాడి కన్నే చూశాను. అట్లా రోజూ చూడ్డం ఎలా ఉంటుందో నీకు తెలియదు. అది నీకు రాకూడదనే నోరు మూసుకున్నాను. నాకు నీ మీద కోపం లేదే పిచ్చిదానా."

"అయితే మెరిసింది..."

"చిట్టికి." జయలక్ష్మి పెదాలు ఆ పేరుని పలికి చాలాకాలమైనట్టు తడబడ్డాయి. "వీడి ముందుది. రెండు కళ్ళూ. రెండో ఏడు నిండకుండానే పోయింది. ఆయన ఆ పేరు ఎత్తవద్దన్నారు, ఫొటో కూడా ఉంచలేదు. వీడికి చెప్పలేదు. చెబితే వీడు కూడా పోతాడేమోనని నాకు భయం."

శ్రీలత గట్టు పట్టుకుంది. సగానికి సగం. రామబ్రహ్మం గారి గొంతు చెవిలో వినపడింది. పొద్దున్నంతా చీకట్లో కూచుని చూసిన ఎర్ర చుక్కలన్నీ ఎందుకూ పనికిరాలేదు. లోపల బిడ్డ మళ్ళీ కదిలింది. ఆమెకి భయం వేసింది. ఆ భయంలోనే, ముప్ఫై ఏళ్ళుగా ఈ వంటింట్లో ఒక్కతే నిలబడి ఉన్న ఆడమనిషి కూడా కనిపించింది. ముందుకెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకుంది. జయలక్ష్మి ఆ చేతిని వదిలించుకోలేదు.

తలుపు తోసుకుని అవినాష్ వచ్చాడు, ఖాళీ కంచంతో.

"అమ్మా, ఇంకొంచెం కేసరి. మనవాళ్ళు గెలిచేట్టున్నారు." ఇద్దర్నీ చూసి ఆగాడు. మొహమంతా నవ్వు పరుచుకుంది. "చేతులు పట్టుకున్నారే. రాజీ అయిపోయిందా? నాన్నా, ఇటొచ్చి చూడండి."

జయలక్ష్మి చెయ్యి విడిపించుకుని అతని కంచం అందుకుంది. కేసరి వెయ్యబోయి గరిటె ఆపేసింది. ఆ గరిటెని కోడలి చేతిలో పెట్టింది.

"నా వల్ల కాదు. నువ్వే చెప్పమ్మా వాడికి."

"ఏం చెప్పాలి?" అన్నాడు అవినాష్, ఇంకా నవ్వుతూనే.